కప్పు లేని కొట్టం

యెహోషువ గారి గొడ్ల కొట్టం ఎప్పుడు కూలుతుందా అని ఊరు ఊరంతా చాలా ఏళ్ళుగా ఆశగా ఎదురుచూస్తోంది. కొట్టం మాత్రం ఎవరికీ ఆ ముచ్చట తీర్చలేదు. తూర్పు గోడ ఏదో తుపానుకు పోయింది. దూలాన్ని చెదలు తీరిగ్గా తింటున్నాయి. తాటాకు కప్పు ఒక పక్కకు వాలితే, పాత బండి కాడి తెచ్చి పోటు పెట్టారు. కాడి కూడా వాలితే, కాడికి రోకలి పోటు పెట్టారు. కింద నిలబడి నెమరు వేసుకునే బర్రెలు తప్ప ఆ కట్టడాన్ని నమ్మిన ప్రాణి ఇంకొకటి లేదు.

కోట అనే ఊరికి దగ్గర్లో, సముద్రపు గాలి ఉప్పగా తగిలే ఆ పల్లెలో యెహోషువ గారు పేరున్న రైతు. చర్చిలో సంఘ పెద్ద. ఇంట్లో మాత్రం పెద్ద ఆయన కాదు, ఆయన తల్లి మగ్దలీనమ్మ గారు. 1961 ఆగస్టులో యెహోషువ గారు తన ఒక్కగానొక్క కూతురు జయశీలకు సూళ్లూరుపేటలో సంబంధం కుదుర్చుకుని వచ్చి, సంతోషంగా ఆ మాట చెప్పబోతే, ఆవిడ కొట్టం వైపు వేలు చూపించింది.

"ప్రభువు పుట్టినప్పుడు తావిచ్చింది కొట్టమేరా. సత్రమోళ్ళు ఇయ్యలా. అట్టాంటి కొట్టాన్ని రోకలి మీద నిలబెట్టి, ఇంటి ముందర పెండ్లి పందిరేస్తే ఆయన మొహం నేనెట్టా చూసేది? కొత్తది కట్టు. దానికి కప్పు పడినాకనే పిల్లకు పెండ్లి. ఇది నా ఒట్టు."

ఈ సిద్ధాంతం ఎక్కడుందో చర్చి అయ్యగారికి కూడా తెలియదు. ఆవిడను అడిగే ధైర్యం ఆయనకు లేదు.

జయశీల మాత్రం ఆ పూట అవ్వ కాళ్ళు పిసుకుతూ, ఇంత గొప్ప సిద్ధాంతం లోకంలో లేదనుకుంది. పెండ్లికొడుకు పేరు సమాధానం. సూళ్లూరుపేటలో ధాన్యం మండీ గుమాస్తా. పిల్లను చూడ్డానికి వచ్చిన రోజు అతను చూసిందల్లా తన చేతి గడియారాన్ని. అది కొత్తది. జయశీల కాఫీ ఇస్తే టైము చూశాడు. పేరు అడగమంటే టైము చెప్పాడు.

కొట్టం కట్టడానికి బిట్రగుంట నుంచి క్రీస్తురాజు వచ్చాడు.

ఇతను రైల్వే కాలనీ పిల్లవాడు, ఇంజన్ డ్రైవరు కొడుకు. కాంట్రాక్టర్ల దగ్గర వడ్రంగం, తాపీ రెండూ నేర్చి సొంతంగా పనులు పట్టుకుంటున్నాడు. జేబులో మడత స్కేలు, చేతిలో గోడ సూటి చూసే రసమట్టం, నోట్లో ఎప్పుడూ బిట్రగుంట లోకోషెడ్డు. ఆ షెడ్డుకు ఒకసారి దూలం మార్చేటప్పుడు అతను ఒక చివర పట్టుకున్నాడు. అతని మాటలు వింటే మాత్రం షెడ్డు మొత్తం తనే కట్టి రైల్వే వాళ్ళకు దానం ఇచ్చినట్టు ఉండేది.

వచ్చీ రావడంతోనే పాత కొట్టంలో దూరి నలుమూలలా చూశాడు. నాలుక చప్పరించాడు. రోకలి దగ్గర ఆగాడు.

"ఎవరండీ అది? దాన్ని తాకబాకండి!" అని పెరటి గుమ్మంలోంచి ఒక కేక వచ్చింది.

"నేను ఓవర్సీర్ని. నాకు తెలుసు," అంటూ క్రీస్తురాజు రోకలిని బూటుకాలితో తట్టాడు.

ఊరు అన్నేళ్ళుగా ఎదురుచూసిన సంఘటన అలా జరిగింది.

దుమ్ము కాస్త తగ్గాక, తాటాకుల మధ్య నుంచి క్రీస్తురాజు తల కనిపించింది. జయశీల పరుగెత్తుకొచ్చి, అతన్ని దాటుకుంటూ వెళ్ళి, మేతకు పోకుండా మూలన ఉన్న బర్రె పలుపు విప్పి బయటికి నడిపించుకుపోయింది. దూరంగా కట్టింది. మెడ నిమిరింది. చెవులు తడిమి చూసింది. అప్పుడు తిరిగొచ్చింది.

"బతికే ఉండారా?"

"మనిషి దూలం కింద ఇరుక్కోనుంటే, మీరు ముందు బర్రెను తీసుకుపోయినారే!"

"అది చూడి బర్రె. మీకట్టాంటి ఇబ్బందేం లేదు గదా," అంది జయశీల చెయ్యి అందిస్తూ.

క్రీస్తురాజు లేచి నిలబడ్డాడు. జుట్టునిండా తాటాకు పీలికలు. ఎదురుగా కొంగు నడుముకు చుట్టుకున్న పిల్ల నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. దుమ్ము పడినందువల్లనో ఏమో, అతనికి ఆ కళ్ళలోంచి చూపు తిప్పుకోవడం కుదరలేదు.

"మా షెడ్డులో అయితే ఇట్టాంటివి ఎప్పుడో..."

"ఏ షెడ్డు?"

అడగకుండా ఉండాల్సింది. పొద్దు వాలేదాకా చెప్పాడు.

పని మొదలైంది. ఇటుక స్తంభాలు, వేప దూలం, పైన మంగళూరు పెంకు. చేతకాని పనివాడైతే నాన్చి నాన్చి కట్టేవాడు. క్రీస్తురాజు దురదృష్టవశాత్తు చేతనైనవాడు. త్వరగా, చక్కగా కట్టి చూపిస్తే ఈ పిల్ల తన గొప్పతనం ఒప్పుకుంటుందని అతని ఆశ. గోడలు వానాకాలపు గడ్డిలాగా లేచిపోతున్నాయి. జయశీల రోజూ ఇటుక వరసలు లెక్కపెట్టుకుంటోంది.

ఒకరోజు మజ్జిగ తెచ్చి, గోడ పక్కన నిలబడి, తల అటూ ఇటూ వంచి చూసింది.

"ద్వారం ఇటు పెట్టినారేంది మేస్త్రీ?"

"ఓవర్సీరు," అన్నాడు క్రీస్తురాజు.

"అదే లెండి మేస్త్రీ. పొద్దు గుంకేటప్పుడు ఎండంతా బర్రెల కళ్ళల్లో పడతాది."

"బర్రెలు ఆ టైముకు పేపరు చదువుతాయా?"

"చదవవు. కానీ మాది మర్యాదస్తుల బర్రె. అవ్వను అడగమంటారా?"

అవ్వ పేరు చెప్పాక ఇంక అప్పీలు లేదు. కట్టిన గోడ పడగొట్టి ద్వారం తిప్పాడు. అది అయ్యేసరికి మేత తొట్టి ఎత్తయిందని వచ్చింది. తొట్టి దించాడు. స్తంభాలు దగ్గరగా ఉన్నాయని, కొమ్ములు తగులుతాయని వచ్చింది.

"మీ బర్రెకు కొమ్ములు వెనక్కు తిరిగుండాయండీ!"

"దూడకు ముందుకు రావచ్చు."

"దూడ ఇంకా పుట్టలా!"

"ముందుచూపు ఉండొద్దా మేస్త్రీ? లోకోషెడ్డు వాళ్ళు ఇంజన్లు వచ్చినాక కట్టినారా, రాకముందే కట్టినారా?"

లోకోషెడ్డు మీద ఒట్టేసినట్టు అడిగితే క్రీస్తురాజు ఏం చెప్పగలడు? స్తంభం జరిపాడు.

తనంటే ఈ పిల్లకు గిట్టదని, తన పనంటే అసలు గిట్టదని అతను తీర్మానించుకున్నాడు. నిజం ఏమిటో పాఠకులకు చెప్పడంలో తప్పులేదు, చెప్పాల్సిన మనిషికి ఎలాగూ ఎవరూ చెప్పలేదు. మొదటి వంక జయశీల సమాధానం మీద కోపంతో పెట్టింది. రెండో వంక పెట్టేటప్పటికి ఆమెకు సమాధానం గుర్తు లేడు. కప్పు పడితే పెండ్లి. పెండ్లి అయితే సూళ్లూరుపేట. ఈ పెరట్లో స్కేలు పట్టుకుని తనతో వాదులాడే మనిషి మళ్ళీ కనిపించడు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు అన్నం సహించేది కాదు. అయినా నోరు తెరిచి చెప్పదు. గోడ నూలుపోగంత వంగితే పసిగట్టే మనిషికి ఇంత మాత్రం తెలియదా అని ఆమె పంతం. మగవాళ్ళ తెలివి మీద ఆడపిల్లలకు ఉన్న ఈ అపార నమ్మకం వల్ల లోకంలో ఎన్ని పనులు చెడిపోయాయో లెక్క లేదు.

సెప్టెంబరు చివర్లో, కప్పుకు వాసాలు పరిచిన రోజున, సముద్రం వైపు నుంచి ఒక వాన పరుగెత్తుకొచ్చింది. మజ్జిగ చెంబుతో వచ్చిన జయశీల పెరటి మధ్యలో చిక్కుకుపోయింది. క్రీస్తురాజు సిమెంటు గోతం మడిచి ఆమె నెత్తిన కప్పాడు. తను సగం మాత్రమే దాని కిందికి వచ్చాడు. ఆ సగం కూడా చాలా జాగ్రత్తగా వచ్చాడు.

"తడుస్తుండారు మేస్త్రీ."

"పర్వాలేదు. మీరు తడవకండి."

గోతం మీంచి నీళ్ళు ఆమె కనురెప్పల మీద పడుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. అతను కళ్ళు తిప్పుకోలేదు. అరుగు మీద కూర్చున్న మగ్దలీనమ్మ గారు అది చూసి, తీరిగ్గా ముక్కుపొడి పీల్చింది. ప్రేమ కథలో ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఏ మాట అన్నా సరిపోయేది. క్రీస్తురాజు ఆలోచించి, ఏరి, అన్నిటికంటే చెత్త మాట అన్నాడు.

"వారంలో కప్పేసి వెళ్ళిపోతా. ఇంక మీకు నా పీడ ఉండదు."

జయశీల గోతం అతని చేతిలో పెట్టి, వానలోనే ఇంట్లోకి వెళ్ళిపోయింది. మజ్జిగ ఇవ్వలేదు. అతను దాన్ని ఆమె సంతోషం కింద లెక్కవేశాడు.

వారంలో కప్పు పడింది. చూడముచ్చటగా పడింది. రెండు వాలులూ కలిసే నడికొప్పు దారం పట్టి గీసినట్టుంది. ఊరంతా వచ్చి చూసింది. యెహోషువ గారు భుజం తట్టారు. మగ్దలీనమ్మ గారు ప్రార్థన చేసి బర్రెలను లోపలికి పంపింది. జయశీల మాత్రం ఏ వంకా పెట్టలేదు. ఒక్క వంకైనా పెడుతుందేమోనని క్రీస్తురాజు సాయంత్రం దాకా అక్కడే తచ్చాడాడు. ఆ తెగులుకు పేరేమిటో అతనికి అప్పటికీ తెలియలేదు.

తరువాతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని పెండ్లి ప్రకటన చదివారు. యెహోషువ గారి కుమార్తె జయశీలకును, సూళ్లూరుపేట కాపురస్థుడైన సమాధానమునకును. మూడు ఆదివారాలు ఇలా చదవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఈలోగా చెప్పాలి. ఇంకా సామాన్లు సర్దుకోని క్రీస్తురాజు మగవాళ్ళ చాపల చివర కూర్చుని, ఇంజన్ గుద్దినవాడిలాగా విన్నాడు.

మధ్యాహ్నం కొత్త కొట్టంలో జయశీల గడ్డి వేస్తుంటే వెళ్ళాడు.

"సంతోషమండీ. సూళ్లూరుపేట మంచి ఊరు. మెయిలు బండి కూడా ఆగుతాది."

"ఆ. నీ పుణ్యాన పోతుండా."

"నేనేం చేసినా?"

"కప్పేసినావు." జయశీల గడ్డిమోపు కింద పడేసింది. "కప్పు పడితేనే పెండ్లని అవ్వ ఒట్టు పెట్టుకోనుంది. ఊరంతటికీ తెలుసు."

"నాకెవురూ చెప్పలేదే!"

"నువ్వు ఎవురిని చెప్పనిచ్చినావు? నోరు తెరిస్తే లోకోషెడ్డు! ద్వారం ఎందుకు తిప్పమన్నాననుకున్నావు? బర్రె కళ్ళల్లో ఎండ పడతాదనా? ఎండ పడితే అది కళ్ళు మూసుకుంటాది. దానికామాత్రం తెలివుంది."

క్రీస్తురాజు తొట్టి వైపు చూశాడు. స్తంభం వైపు చూశాడు. తను పడగొట్టి కట్టిన గోడ వైపు చూశాడు. ఒక్కొక్కటే అర్థమవుతుంటే మొహం ఎర్రబడింది.

"ముందే చెప్పొచ్చు గదా!"

"ఇప్పుడు చెప్తుండా. నాకు నువ్వు కావాల. ఇంతకంటే సూటిగా చెప్పాలంటే నీ రసమట్టం ఇయ్యి."

అతను గడ్డిమోపు మీద కూలబడ్డాడు. "నాక్కూడా," అన్నాడు చిన్న గొంతుతో. "ఆ తాటాకులు నెత్తిన పడినప్పటి నుంచీ." గడ్డి దులుపుకుని లేచి, "మీ నాయన్ను అడుగుతా," అన్నాడు.

"నాయన సంఘ పెద్ద. దేవుని ఇంట్లో చదివించినాక మాట తిప్పితే అబద్ధమాడినట్టే అంటాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలా. కప్పు లేకుండా ఉంటే అవ్వ ఒట్టు అడ్డం ఉండేది. నువ్వేమో అంత బాగా వేసినావు!"

ఆ వారమంతా క్రీస్తురాజు నిచ్చెన ఎక్కి దిగాడు. పెంకులు కాసిని ఊడదీస్తే చాలు. ఎక్కేవాడు, పెంకు మీద చెయ్యి వేసేవాడు, అది ఎంత ఒద్దికగా కూర్చుందో చూసి మురిసిపోయేవాడు, దిగివచ్చేవాడు. ప్రేమించడం వేరు, మంచి కప్పును చెడగొట్టడం వేరు.

రెండో ఆదివారం సమాధానం వాళ్ళ నాన్నతో సహా చర్చికి వచ్చాడు. ప్రకటన చదివి, అయ్యగారు అలవాటుగా, "న్యాయమైన అభ్యంతరము ఎవరికైనను ఉన్న యెడల..." అని, అలవాటుగానే పుస్తకం మూయబోయారు.

"ఉందండీ."

క్రీస్తురాజు లేచి నిలబడ్డాడు. ఆ చర్చిలో ఆ ప్రశ్నకు జవాబు రావడం అదే మొదటిసారి. తరువాత ఏం చెయ్యాలో తెలియక అయ్యగారు పుస్తకం మళ్ళీ తెరిచి వెతికారు.

"కొట్టం పూర్తి కాలేదండీ. కప్పు... కప్పు నేను సరిగా వెయ్యలేదు." కొట్టం ఉన్న దిక్కు చూడకుండా తల తిప్పుకున్నాడు. "నడికొప్పు వంకర. వానొస్తే కారుతాది. నాకు పని సరిగా రాదు. లోకోషెడ్డులో కూడా నేను ఊరికే దూలం పట్టుకున్నా. అంతే."

ఆడవాళ్ళ వైపు జయశీల తల ఎత్తింది. ఆ చివరి మాటకు అతను ఎంత ఖర్చుపెట్టాడో అక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు.

"ఇది అభ్యంతరం కాదు నాయనా," అన్నారు అయ్యగారు.

"ఎందుకు కాదు?" మగ్దలీనమ్మ గారు లేచింది. "కప్పు కారితే కప్పు పడనట్టే. నా ఒట్టు ఏం కావాల? పదండి, చూద్దాం."

సంఘమంతా తెల్ల బట్టలతో కొట్టం దగ్గరికి నడిచింది. యెహోషువ గారు కోపంతో ముందు నడిచారు. ఆయన నడికొప్పు వైపు ఒక కన్ను మూసి చూశారు.

"సూటిగానే ఉందే!"

"వంకరండీ," అన్నాడు క్రీస్తురాజు.

అంతలో ఈశాన్యం నుంచి వాన దిగింది. అక్టోబరు వాన, అడిగి రాదు. జనమంతా కొట్టంలోకి దూరారు. అయ్యగారు బర్రెకూ తొట్టికీ మధ్య ఇరుక్కున్నారు. సమాధానం పేడ తొక్కి, చెయ్యి పైకెత్తి, గడియారాన్ని కాపాడుకున్నాడు. పైన పెంకు మీద వాన దంచేస్తోంది. అందరూ మెడలు పైకెత్తి చూస్తున్నారు.

చుక్క పడలేదు.

"కారలేదే అబ్బయ్యా," అంది అవ్వ అరచెయ్యి చాపి.

"కారుతాది అవ్వా. కాస్త ఉండండి."

ఉన్నారు. వాన హెచ్చింది. కొట్టం లోపల గడ్డి పరక కూడా తడవలేదు. సమాధానం వాళ్ళ నాన్న గట్టిగా నవ్వాడు. "పిచ్చోడి మాదిరుండాడే! ఇంత బాగా కట్టి, బాగలేదంటాడేంది?" జనం కూడా నవ్వడం మొదలుపెట్టారు. క్రీస్తురాజు తల వంచుకోలేదు. అతను చెవుల దాకా ఎర్రబడి, "కారుతాదండీ, నేను సరిగా వెయ్యలేదు," అని మళ్ళీ అన్నాడు. జీవితంలో అంత బాగా పని చేసిందీ లేదు, అంత ఘోరంగా అబద్ధమాడిందీ లేదు.

"కారతా ఉంది నాయనా."

జయశీల గొంతు. అందరూ తిరిగి చూశారు.

"యాడమ్మా?" అన్నారు యెహోషువ గారు.

"ఇక్కడ. నా మీద."

ఆమె మొహం నిజంగానే తడిసిపోయి ఉంది. చెంపల మీంచి గడ్డం దాకా కారుతోంది. తుడుచుకోకుండా తండ్రి వైపే చూస్తూ నిలబడింది. యెహోషువ గారు ఆమె నెత్తిన ఉన్న పెంకుల వైపు చూశారు. పొడిగా ఉన్నాయి. కూతురి వైపు చూశారు. తల్లి పోయిన రోజు తరువాత ఆ పిల్ల ఏడవగా ఆయన చూడలేదు. ఆ తరువాత, ఎర్రబడిన మొహంతో తన పనిని తనే తిట్టుకుంటున్న పిల్లవాడి వైపు చాలాసేపు చూశారు. కొట్టం ఎందుకు రెండుసార్లు కట్టాల్సి వచ్చిందో ఆయనకు నెమ్మదిగా తెలిసింది.



పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని యెహోషువ గారు గొంతు సవరించుకున్నారు.

"అవును. కారతా ఉంది." వియ్యంకుడు కావాల్సిన మనిషి వైపు తిరిగి చేతులు జోడించారు. "చూస్తుండారు గదండీ, పిల్ల తడిసిపోయింది. ఈ కప్పు కింద నేను ఈ పెండ్లి చెయ్యలేను. తప్పు నాది, మన్నించండి."

"కారడం లేదు గదా!" అన్నాడు సమాధానం. జయశీల ఎదురుగా అతను టైము కాని మాట మాట్లాడింది అదే మొదలు, అదే చివర.

"నా మనవరాలి మీద కారతా ఉందంటే నీకేం తెలుస్తాది నాయనా?" అంది మగ్దలీనమ్మ గారు. "నువ్వు పైకెప్పుడు చూసినావు?"

వాన వెలిశాక సూళ్లూరుపేట వాళ్ళు అన్నం తినకుండానే బస్సుకు వెళ్ళిపోయారు. సంఘం కూడా ఒక్కొక్కరుగా కదిలింది. కొట్టంలో బర్రెలు, ఇంటివాళ్ళు, క్రీస్తురాజు మిగిలారు. యెహోషువ గారు అతని దగ్గరికి వచ్చి, ముక్కు ముందు వేలు ఆడించారు.

"నీ వల్ల ఈ వయసులో అబద్ధమాడినా. దేవుడికి ఏం చెప్పుకోవాల్నో నేను చూసుకుంటా. నువ్వు రేపు రైలెక్కి పొయ్యి మీ అమ్మా నాయన్ను పిల్చుకోని రా. పెండ్లి లోపల ఈ కప్పు బాగు చేసి పెట్టు, ఊరికి జవాబు చెప్పుకోవాల."

"బాగు చేసేదానికి ఏముందండీ?" క్రీస్తురాజు ఆశ్చర్యపోయాడు. "కప్పు బ్రహ్మాండంగా ఉంది గదా! ఇంత వానకు ఒక్క చుక్క పడిందా? మా లోకోషెడ్డులో కూడా..."

జయశీల అతని కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

"కారుతాదండీ," అన్నాడు క్రీస్తురాజు.